ఈసారి ఎవరు, వెండెల్?

కోల్‌బర్న్ ఊళ్ళో వెండెల్ హచిన్స్‌ని ఎవరూ "బాగున్నావా?" అని అడగరు. అడిగితే ఆయన, "నా బాగుకేం గానీ, ఈసారి మన పార్టీ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు నిలబడతారంటావ్?" అని అందుకుంటాడు. క్రిందటి ఎన్నిక నిన్ననే అయిపోయి, గెలిచినవాడు ఇంకా ప్రమాణం కూడా చేయకపోయినా సరే, వెండెల్ లెక్కలో రాబోయే ప్రైమరీ అప్పుడే వాకిట్లో నిలబడి తలుపు తడుతున్నట్టే.

ఆ ఊళ్ళో రాజకీయం మాట్లాడటం వింతేమీ కాదు. పార్టీ టికెట్టు ఎవరికి దక్కాలో జనమే ఓటేసి తేల్చే ప్రైమరీ, దేశం మొత్తంలో మొట్టమొదట జరిగేది న్యూ హ్యాంప్‌షైర్‌లోనే. రేపు అధ్యక్షుడవుదామనుకునే ప్రతివాడూ ముందు ఇక్కడి మంచులో బూట్లు తడుపుకుని, ఇక్కడి హోటల్లో చల్లారిన కాఫీ తాగి, ముక్కూ మొహం తెలియని ముసలమ్మని మోకాలి నొప్పి ఎలా ఉందని పరామర్శించి పోవలసిందే. అయితే మిగతావాళ్ళకి అది నాలుగేళ్ళకోసారి వచ్చి దిగిపోయే జ్వరం. వెండెల్‌కి మాత్రం ఏ మందుకీ తగ్గని దగ్గు.

రిటైరు కాకముందు ఆయన రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు. తుఫానులో కారు గోతిలో దిగబడి, చేతులు కొంకర్లు పోయి నిలబడ్డ మనిషి పక్కన బండి ఆపేవాడు. అద్దం దించేవాడు. లాగడానికి గొలుసు తియ్యకముందే, "మీరేమంటారు? గవర్నరంటారా, సెనేటరంటారా?" అని అడిగేవాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ఆ మనిషి ఏదో ఒక పేరు చెప్పేవాడు. "అలాగా! ఎందుకని?" అనేవాడు వెండెల్. ఎందుకో చెప్పేదాకా గొలుసు కిందికి దిగేది కాదు. చలికాలం వస్తే ఆ చుట్టుపక్కల జనం కార్లో పార, దుప్పటితోపాటు ఒక అభ్యర్థి పేరూ, దానికో కారణమూ సిద్ధంగా పెట్టుకుని బయల్దేరేవారు.

సొంత మేనమామ చనిపోయినప్పుడు, శవపేటిక భుజాన ఉండగానే అవతలి పక్క మోస్తున్నవాడితో గుసగుసగా, "దక్షిణాది రాష్ట్రాలు గనక కలిసొస్తేనా..." అని మొదలుపెట్టాడట.

"కాస్త నోరు ముయ్యవయ్యా, మీ మావయ్య వింటాడు," అన్నాడా అవతలివాడు.

"విననీ. ఆయన ఓటూ మనదేగా," అన్నాడు వెండెల్.

ఇంత యావ ఉన్నవాడికి కాస్త వాక్శుద్ధి కూడా ఉండి ఉంటే ఊరు క్షమించేది. అదే లేదు. ఇతను గెలుస్తాడని వెండెల్ నోటి నుంచి పేరు వచ్చిందా, ఆ అభ్యర్థి పని అయిపోయినట్టే. ఒకడు ప్రచారం మధ్యలో విరమించుకున్నాడు. ఒకడు ప్రత్యర్థికే మద్దతు ప్రకటించాడు. ఒకడైతే, వెండెల్ ఆయన్ని మెచ్చుకున్న వారంలోపే రాజకీయాలు వదిలేసి తేనెటీగలు పెంచుకోవడానికి వెళ్ళిపోయాడు. ఒకసారి ఓ గవర్నరు తాలూకు కార్యకర్తలు పొద్దున్నే ఆయన ఇంటికొచ్చి, ముంగిట్లో పాతిన తమ బోర్డు తీసేయమని బతిమాలారు.

"అదేంటి? నేను మీవాణ్ణేగా!" అన్నాడు వెండెల్ తెల్లబోయి.

"అందుకేనండీ," అన్నారు వాళ్ళు. పోతూ పోతూ, వీలైతే దీన్ని పాతండని ప్రత్యర్థి బోర్డు ఒకటి చేతిలో పెట్టారు.

ఇవన్నీ నోరీన్ గాన్యన్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మిల్ వీధి మలుపులో ఉన్న హోటల్ ఆమెది. పొద్దున గంట కట్టిన తలుపు తెరిచేసరికి మొదట లోపలికొచ్చేది వెండెల్ టోపీ, దాని వెనక వెండెల్. ఆమె భర్త రోలాండ్ అప్పటికే కౌంటరు చివర కూర్చుని ఉండేవాడు. ఏళ్ళ తరబడి ఊళ్ళో పార్టీ కార్యదర్శిగా చేసిన మనిషి. పెద్ద రాష్ట్రాలేవైనా తమ ప్రైమరీ ముందుకి జరుపుకుంటామన్నాయని తెలిస్తే చాలు, కోటు తొడుక్కుని రాష్ట్ర రాజధాని కాంకర్డ్ దాకా పోయి, అక్కడ అధికారుల చెవులు చిల్లులు పడేలా అరిచొచ్చేవాడు.

వెండెల్ ఒక పేరు చెప్పడం, రోలాండ్ దాన్ని తునాతునకలు చేయడం, ఇద్దరి మధ్యా నోరీన్ కాఫీ జగ్గు పట్టుకుని పోలీసులా నిలబడటం. ముప్ఫై ఏళ్ళు ఆ హోటల్లో పొద్దు అలాగే పొడిచింది. అట్ల మీద మేపుల్ పాకం ఎక్కువైందా తక్కువైందా అని కూడా వాళ్ళిద్దరూ ఎన్నడూ చూసుకోలేదు.

ఆకులు రాలే రోజుల్లో ఒక పొద్దున రోలాండ్ చేతిలోంచి కప్పు జారిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పడిపోయింది.

రోలాండ్ ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో ఇంటికొచ్చాడు. కళ్ళు పాత రోలాండ్‌వే. పెదవులు మాత్రం ఎవరివో. ఒంటరిగా ఇంట్లో వదలలేక నోరీన్ ఆయన్ని పొద్దున్నే హోటల్‌కి తీసుకొచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టేది. వచ్చినవాళ్ళందరూ మంచివాళ్ళే. వంగి, గొంతు చిన్నది చేసి, "రోలాండూ, సూప్ తాగావా? బావుందా? మంచిది!" అనేవాళ్ళు. తర్వాత ఆయన ఎదురుగానే ఆమె వైపు తిరిగి, "నిద్రపడుతోందా ఆయనకి?" అని అడిగేవాళ్ళు. మాటలు నేర్పడానికొచ్చే అమ్మాయి కుక్క బొమ్మ, చెప్పు బొమ్మ, కప్పు బొమ్మ చూపించేది. రోలాండ్ మొహం కిటికీ వైపు తిప్పేసుకునేవాడు.

మొదటిరోజు వెండెల్ వచ్చినప్పుడు అందరూ అటే చూశారు. ఇవాళైనా ఊరుకుంటాడేమో అనుకున్నారు. ఆయన టోపీ తీసి, కుర్చీ లాక్కుని, రోలాండ్ ఎదురుగా కూర్చున్నాడు.

"ఈసారి గవర్నర్ టిల్‌బరీయే. అనుమానమే లేదు. ఏమంటావ్?" అన్నాడు.

టిల్‌బరీ అప్పటికి నిలబడతానని కూడా అనలేదు. వెండెల్ జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు రోలాండ్ మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపు చూశాడు. పక్క బల్ల దగ్గరివాళ్ళకి చూపులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆఖరికి, "సరే, రేపు చెబుదువుగాని," అని లేచి వెళ్ళాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. టిల్‌బరీ ఎందుకు గెలుస్తాడో చెప్పాడు: ఎత్తుగా ఉంటాడు కాబట్టి. ఆ తర్వాత టిల్‌బరీ కాదు, లెస్టర్ ఓర్డ్‌వే అన్నాడు. ఓర్డ్‌వే ఎక్కడో గోధుమ చేల రాష్ట్రం నుంచి వచ్చిన మాజీ కాంగ్రెస్ సభ్యుడు. అన్ని సర్వేల్లోనూ అందరికన్నా అడుగున ఉన్న మనిషి. ఇంకోరోజు టీవీలో వాతావరణం చెప్పే ఆయన రంగంలోకి దిగుతాడని, తుఫానులు ముందే తెలిసినవాడికి దేశం ఒక లెక్కా అని అన్నాడు. చెప్పడం, ఆగడం, కళ్ళలోకి చూడటం. ప్రతి ప్రశ్నకీ అంతే.

"పిచ్చి ముదిరింది," అన్నారు కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్ళు. "ఇదివరకు తప్పు చెప్పినా ఒక పద్ధతిగా చెప్పేవాడు."

నోరీన్ పంటి బిగువున ఓర్చుకుంది. రోలాండ్ మెడ నరాలు ఉబ్బడం, ఎడమ చెయ్యి బల్ల మీద వణకడం ఆమెకి కౌంటరు దగ్గర్నుంచే కనిపించేవి. ఇతరులు గుడ్లు వేయించమంటే, ఆమెకి తన గుండెల్నే పెనం మీద వేసినట్టుండేది. ఒకరోజు వెండెల్ బల్ల మీద గుద్ది మరీ, "సెనేటర్ మార్‌గ్రేవ్‌కి సొంత ఊళ్ళో కూడా ఓట్లు రావు, రాసిపెట్టుకో!" అన్నాడు. మార్‌గ్రేవ్ అంటే రోలాండ్‌కి గురి. ఆయన ఎడమ చెయ్యి ఒక్క ఊపున లేచింది. కాఫీ కప్పు వెళ్ళి గోడకి తగిలింది.

నోరీన్ పరుగున వచ్చింది. "చాలు, వెండెల్! జబ్బు మనిషిని ఇలా కాల్చుకు తినడానికి నీకు మనసెలా ఒప్పుతోంది? లే. ఇంకోసారి నా గుమ్మం తొక్కకు."

వెండెల్ ఏదో అనబోయాడు. రోలాండ్ వైపు ఒకసారి చూశాడు. నేల మీది కప్పు ముక్కలు ఏరి బల్ల మీద పెట్టాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఎదురు చెప్పకుండా వెళ్ళడం ఆ హోటల్లో ఎవరూ అంతవరకు చూడలేదు.

ఆ తర్వాత హోటల్ ప్రశాంతంగా ఉంది. నోరీన్ కోరుకున్నదీ అదే. కానీ రెండు మూడు రోజులు గడిచేసరికి ఆ ప్రశాంతత ఆమెకి మింగుడుపడలేదు. రోలాండ్ చెయ్యి వణకడం మానేసింది. అసలు కదలడమే మానేసింది. సూప్ నోటి దగ్గర పెడితే పెదవులు తెరిచేవాడు కాదు. పొద్దున తలుపు గంట చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసేవాడు. వచ్చింది ఎవరో చూసి మళ్ళీ కిటికీ వైపు తిరిగేవాడు. మంచు పడుతూనే ఉండేది. ఆయన దాన్నే చూస్తూ ఉండేవాడు.

అలాంటి ఒక మధ్యాహ్నం వెండెల్ అక్క ఇడెల్లా 'ఆపిల్ పై' అనే తీపి రొట్టె కొనుక్కోవడానికి వచ్చింది. పెళ్ళి చేసుకోని తమ్ముడూ, పెళ్ళి చేసుకోని అక్కా ఒకే ఇంట్లో ఉంటారు. ఇడెల్లాది సూటి నోరు.

"ఏమ్మా నోరీన్, నువ్వు వాణ్ణి తరిమేశావట. మంచిపనే చేశావు. నాకు నిద్ర దక్కింది," అంది.

"నిద్రకేం?"

"ఏముంది? రోజూ రాత్రి పొద్దుపోయేదాకా పొయ్యి ముందు నిలబడి నాకు అప్పజెప్పేవాడు. 'అక్కా, వాతావరణం చెప్పేవాడు గెలుస్తాడంటే మనిషికి కోపం వస్తుందా?' అనేవాడు. 'నాకైతే నవ్వొస్తుంది,' అంటే, 'అయితే దాంతో సరిపోదు,' అని ఇంకోటి ఆలోచించేవాడు. 'మార్‌గ్రేవ్‌కి సొంత ఊళ్ళో ఓట్లు రావంటే?' అన్నాడు. 'పెనంతో మొత్తుతాను,' అన్నాను. 'అబ్బ! ఇది గురువారానికి దాచుకుంటా,' అన్నాడు."

నోరీన్ చేతిలో కత్తి రొట్టె మధ్యలోనే ఆగిపోయింది. "కావాలని చెప్పేవాడా?"

"మరేంటనుకున్నావ్? ఇన్నేళ్ళూ వాడు నిజాయితీగా తప్పు చెప్పాడు. ఈ ఏడే కష్టపడి తప్పు చెబుతున్నాడు. పాపం, చిక్కిపోయాడు కూడా." ఇడెల్లా రొట్టె పెట్టెకి దారం తనే చుట్టుకుంది. "ఆసుపత్రిలో నర్సు చెప్పలేదూ? ఆయనకి అన్నీ తెలుస్తాయి, మాటకి దారి దొరకడం లేదంతే, పసిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడకండి, ఎప్పుడూ మాట్లాడినట్టే మాట్లాడండి, ఏదైనా అడిగితే జవాబు కోసం ఆగండి అని? చూడ్డానికి వెళ్ళినప్పుడు వీడూ విన్నాడు, ఇంటికొచ్చి నాకు చెప్పాడు. 'అక్కా, రోలాండ్ ఎప్పుడూ ముద్దుగా మాట్లాడితే జవాబు చెప్పే మనిషి కాదు. నేను తప్పు మాట్లాడితేనే చెప్పేవాడు,' అన్నాడు."

ఆ నర్సు ఆ మాటలు చెప్పినప్పుడు నోరీన్ కూడా అక్కడే ఉంది. కానీ అంతకు ముందు డాక్టరు అన్న "మాట రాకపోవచ్చు" అన్న ఒక్క ముక్క దగ్గరే ఆమె చెవులు మూసుకుపోయాయి. తర్వాతివి వినబడలేదు.

ఇడెల్లా వెళ్ళగానే నోరీన్ కోటు తొడుక్కుని వాళ్ళింటికి వెళ్ళింది. వెండెల్ పెరట్లో కట్టెలు చీలుస్తున్నాడు. ఆమెని చూసి గొడ్డలి దించాడు.

"రేపు పొద్దున్నే రా," అంది నోరీన్.

"గుమ్మం తొక్కొద్దన్నావుగా."

"వెనక గుమ్మం ఉందిగా, అది తొక్కు." కాసేపాగి, "నిజం చెప్పు వెండెల్. అసలు నీ మనసులో ఎవరు గెలుస్తారని?" అని అడిగింది.

వెండెల్ కట్టెల మోపుకి చెవులున్నాయన్నట్టు అటూ ఇటూ చూశాడు. "మార్‌గ్రేవ్," అన్నాడు గొంతు తగ్గించి. "ఇక్కడా ఆవిడే, దక్షిణాదిలోనూ ఆవిడే. పుట్టి బుద్ధెరిగాక ఇంత గట్టిగా నాకెప్పుడూ తోచలేదు, నోరీన్. ఈసారి తప్పదు. ఈసారి నేను రైటు."

"మరి నలుగురికీ చెప్పుకోవేం? జన్మలో మొదటిసారి రైటు అవుతున్నావు!"

"చెబితే రోలాండ్ నాతో ఏకీభవిస్తాడు. ఏకీభవించేవాడికి నోరు తెరవాల్సిన పనేముంది? తలూపితే సరిపోతుంది," అన్నాడు వెండెల్. మళ్ళీ గొడ్డలి అందుకుని, ఎత్తకుండానే నిలబడ్డాడు. "నా దగ్గర ఇంకొక్కటి మిగిలింది. అనడానికే నోరు రావడం లేదు."

"ఏంటది?"

ఆయన ఆమె చెవి దగ్గర చెప్పాడు. నోరీన్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

"ఛ! మీ నాన్న వింటే సమాధిలోంచి లేచొస్తాడు."

"అవును."

"అయినా సరే, అను," అంది నోరీన్.

మర్నాడు హోటల్ కిటకిటలాడుతోంది. ప్రైమరీ దగ్గరపడింది. వెండెల్ వెనక గుమ్మంలోంచి రాగానే రోలాండ్ తల అటు తిరిగింది. ఆయన కళ్ళు వెలగడం నోరీన్ చూసింది. సరిగ్గా అప్పుడే ముందు తలుపు తెరుచుకుని, బూట్లకి మంచుతో, చేతిలో కరపత్రాల కట్టతో లెస్టర్ ఓర్డ్‌వే లోపలికొచ్చాడు. పొద్దుటి నుంచి ఆయనతో చెయ్యి కలిపినవాడు లేడని మొహమే చెబుతోంది. ఎవరూ పలకరించకపోతే గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

వెండెల్ అదేమీ పట్టించుకోలేదు. రోలాండ్ ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకుని, హోటలంతా వినేలా అన్నాడు: "రోలాండ్, బాగా ఆలోచించాను. అసలు అందరికన్నా ముందు మనకే ఎందుకీ ప్రైమరీ? మనదేమో చిన్న రాష్ట్రం. పైగా చలి. పెద్ద రాష్ట్రాలు ముందు తేల్చేసుకుని, ఎవరు గెలిచారో మనకో కబురు పంపితే పోలా?"

ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది. వంటింట్లో పెనం మీద బంగాళాదుంపలు చిటపటలాడటం అందరికీ వినిపించింది. న్యూ హ్యాంప్‌షైర్‌లో తల్లిని తిట్టినా క్షమిస్తారేమో గానీ, ఈ మాట ఎవరైనా అనగా అక్కడ ఎవరూ వినలేదు.

పాపం ఓర్డ్‌వేకి అదంతా తెలియదు. ఇన్నాళ్ళకి ఒక ఓటరు మనసు విప్పి మాట్లాడుతుంటే విన్నాడు. ఆత్రంగా ముందుకొచ్చి, వెండెల్ భుజం మీద చెయ్యి వేసి, "మీరన్నదాంట్లోనూ న్యాయం ఉందండీ," అన్నాడు.

రోలాండ్ మొహం ఎర్రబడింది. ఎడమ చేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు. పెదవులు దగ్గరికొచ్చాయి. "మ..."

ఎవరో ఆ మాట అందించబోయారు. నోరీన్ కాఫీ జగ్గు పైకెత్తి వాళ్ళ నోళ్ళు మూయించింది. వెండెల్ కదల్లేదు. కళ్ళు ఆర్పలేదు. అలా చూస్తూ ఆగాడు. ఎంతసేపైనా ఆగే మనిషిలా ఆగాడు.

"మ... మనం," అన్నాడు రోలాండ్. "మనం... ముందు. మనమే... ముందు!" ఊపిరి తీసుకున్నాడు. "గాడిదా!"



ఆ గాడిద ఇద్దరిలో ఎవరో తెలియక ఓర్డ్‌వే బిత్తరపోయి చూస్తున్నాడు. వెండెల్ లేచి నిలబడ్డాడు. "నన్నే! నన్నే అన్నాడు!" అన్నాడు, బిరుదు అందుకున్నవాడిలా. తర్వాత ఓర్డ్‌వే చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేస్తూ, "అయ్యా, మీరు చేసిన మేలు మీకే తెలియదు," అన్నాడు. ఓర్డ్‌వేకి నిజంగానే తెలియదు. రెండు కరపత్రాలు బల్ల మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

నోరీన్ వంటింట్లోకి వెళ్ళి ఏప్రన్‌లో మొహం దాచుకుని ఏడ్చింది. బంగాళాదుంపలు మాడిపోయాయి. ఆ పూట ఎవరూ ఏమీ అనకుండా మాడినవే తిన్నారు.

ఆ సాయంత్రం ఓర్డ్‌వేకి ఊరి లైబ్రరీలో సభ ఉంది. కుర్చీలు వేశారు, జనం లేరు. ఆయన కాగితాలు సర్దుకుని వెళ్ళిపోదామనుకుంటుండగా తలుపు తెరుచుకుంది. ముందు వెండెల్, వెనక పొద్దుట హోటల్లో ఉన్నవాళ్ళందరూ. "మనకోసం వచ్చిన మనిషి ఖాళీ కుర్చీలతో మాట్లాడి పోవడమేంటి? సిగ్గుచేటు," అని వెండెల్ ఇల్లిల్లూ తిరిగి లాక్కొచ్చాడు. ఓర్డ్‌వే గోధుమ పంట గురించి చాలాసేపు మాట్లాడాడు. అందరూ చివరిదాకా కూర్చున్నారు. వెండెల్ అయితే మూడు ప్రశ్నలు కూడా అడిగాడు. ముంగిట్లో పాతుకోవడానికి బోర్డు కావాలన్నాడు. ఓర్డ్‌వే మాత్రం సంతోషంగా ఇచ్చాడు.

రోలాండ్‌కి మాటలు వరసగా రాలేదు. మొదట తిట్లు వచ్చాయి, తర్వాత రాష్ట్రాల పేర్లు. మాటలు నేర్పే అమ్మాయి బొమ్మల అట్టలు సంచిలో పెట్టేసి, వెండెల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. కప్పు, కుక్క అనలేని మనిషి "మసాచుసెట్స్" అనడం తన చదువులో ఎక్కడా లేదని నవ్వేది. ఓటు రోజు వచ్చేసరికి రోలాండ్ చేతికర్ర ఊతంతో నాలుగడుగులు కూడా వేశాడు.

మార్‌గ్రేవ్ గెలిచింది. కోల్‌బర్న్‌లో గెలిచింది, రాష్ట్రమంతా గెలిచింది, తర్వాత దక్షిణాదిలోనూ గెలిచింది. ఓర్డ్‌వే బోర్డు ఇంకా మంచులోంచి తల పైకెత్తి ఉన్న వెండెల్ ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు కార్లు ఆపి మరీ, "ఏం వెండెల్, మళ్ళీ బోర్లాపడ్డావా?" అని ఎగతాళి చేశారు. ఆయన తల గోక్కుని, "అంతా తారుమారైంది," అన్నాడు. నోరీన్ ఉండబట్టలేక అసలు సంగతి చెప్పేస్తానంది. "నీకు దణ్ణం పెడతాను, ఊరుకో. రోలాండ్ ఇంకా వాక్యాల దాకా రాలేదు," అన్నాడు.

కానీ ఆ ప్రైమరీ తలుచుకున్నప్పుడల్లా నోరీన్‌కి ఎవరు గెలిచారన్నది గుర్తుకు రాదు. ఓటు వేసిన రోజు పొద్దున టౌన్ హాల్లో జరిగిందే గుర్తుకొస్తుంది.

వరస గుమ్మం దాటి మెట్ల దాకా ఉంది. రోలాండ్ చక్రాల కుర్చీ వద్దని తల అడ్డంగా ఊపి, కర్ర ఊతంతో నిలబడ్డాడు. ఆయన వెనక నోరీన్, ఆమె వెనక వెండెల్. బల్ల దగ్గర ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని ఓటిస్ ఫెల్చ్ కూర్చున్నాడు. రోలాండ్‌తో కలిసి చదువుకున్నవాడే. అయినా ఆ రోజు ఆ కుర్చీలో కూర్చుంటే తోడబుట్టినవాడైనా సరే పేరు అడగందే ఓటు కాగితం ఇవ్వడు.

"పేరు?" అన్నాడు ఓటిస్.

రోలాండ్ పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. నోరీన్ ఆగలేక నోరు తెరిచింది. వెనక నుంచి వెండెల్ ఆమె కాలు తొక్కాడు.

"అడిగింది నిన్ను కాదు," అన్నాడు మెల్లగా.

ఓటిస్ పెన్సిల్ పట్టుకుని ఎదురుచూశాడు. జాబితాలో ఆ పేరు ఎక్కడుందో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. కానీ చూపు దించలేదు.

"రో... లాండ్," అన్నాడు రోలాండ్. "గా... గాన్యన్. మిల్... వీధి."

"మిల్ వీధి," అని ఓటిస్ గీత గీసి, కాగితం చేతికిచ్చాడు. "తర్వాత?"

నోరీన్ ముందుకొచ్చింది. ఊరందరికీ రోజూ వినిపించే గొంతు ఆమెది. వంటింట్లోంచి కేకేస్తే వీధి మలుపు దాకా వినిపిస్తుంది. అలాంటిది, పేరు చెప్పబోతే గొంతులో ఏదో అడ్డుపడింది. మింగింది. మళ్ళీ ప్రయత్నించింది. రాలేదు. ఓటిస్ చూస్తున్నాడు. వరసంతా చూస్తోంది.

రెండడుగులు ముందుకి వెళ్ళిన రోలాండ్ ఆగాడు. కర్ర మీద ఒరిగి, కష్టపడి వెనక్కి తిరిగాడు.

"నో... రీన్," అన్నాడు.

జబ్బు చేసిన దగ్గర్నుంచీ ఆయన నోట ఆ పేరు రాలేదు. రావాలని ఆమె అడగలేదు, ఎదురుచూస్తున్నానని తనకి తాను కూడా చెప్పుకోలేదు.

ఓటిస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రోలాండ్, ఎవరి పేరు వాళ్ళే చెప్పాలి. అది నియమం," అన్నాడు.

"చెబుతాను. తప్పకుండా చెబుతాను," అంది నోరీన్, మొహమంతా తడిసిపోయి నవ్వుతూ. "ముందు ఆయన్ని ఇంకొక్కసారి చెప్పమనండి."

రోలాండ్ చెప్పడానికి సిద్ధమవుతున్నాడు. పెదవులు దగ్గరికి తెచ్చుకుంటున్నాడు. మెట్ల మీద చలిలో నిలబడ్డవాడెవడో, ముందు ఏం జరుగుతోందో తెలియక, "ఏమయ్యా, కాస్త త్వరగా కానివ్వండి!" అని అరిచాడు.

వెండెల్ గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"ఆగవయ్యా మగడా! నీ ఓటేం పులిసిపోదులే!"